ఒక్క ఆటగాడు 13 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జట్లకు ఎలా ఆడాడు?

ఇష్ స్మిత్ 13 జట్లు మారాడంటే ఆట సరిగ్గా రాకేనా అని ప్రశ్న. కాదు. ఆట రానివాడిని రెండో జట్టే తీసుకోదు, ఎక్కువ జట్లకు ఆడటంలో ఇతనిది లీగ్ రికార్డు.

వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో ఆడి వచ్చిన అతన్ని 2010 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, ఎవరూ ఎంచుకోలేదు. మొదటి రౌండ్‌లో ఎంపికైనవాళ్లకు తొలి రెండేళ్ల జీతం ఖాయం. మిగతావాళ్లకు ఆ భరోసా లేదు, ఎప్పుడు తీసేస్తారో అన్న టెన్షనే. పైగా ఎన్‌బీఏ ట్రేడ్‌లలో (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో) చాలాసార్లు ఇరువైపులా జీతాల లెక్క కుదరాలి కాబట్టి, చిన్న కాంట్రాక్టు ఉన్నవాడు పెద్ద ఆటగాడి వెంట కరివేపాకులా వెళ్లిపోతుంటాడు. 2011లో హ్యూస్టన్ నుంచి షేన్ బాటియర్‌ను మెంఫిస్‌కు పంపినప్పుడు స్మిత్ కూడా అలాగే వెళ్లాడు.

అయితే 2015 డిసెంబర్‌లో కథ వేరు. వరుస ఓటముల్లో ఉన్న ఫిలడెల్ఫియా, అంతకుముందు తనే వదులుకున్న స్మిత్ కోసం న్యూ ఓర్లీన్స్‌కు రెండు పిక్‌లు (డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో ఆటగాడిని ఎంచుకునే హక్కులు) ఇచ్చింది. బంతిని వేగంగా ముందుకు తీసుకెళ్లి, మిగతా నలుగురిచేత ఆడించే పాయింట్ గార్డ్ ఆ జట్టుకు అప్పుడు అంత అవసరం. నా దృష్టిలో అసలు జవాబు ఇదే.

పదమూడో జట్టు డెన్వర్. 2023లో ఆ జట్టుతోనే ఛాంపియన్ అయ్యాడు, బెంచ్ మీదే ఎక్కువగా కూర్చున్నా.