ఇసుక లారీ వీడియో డిలీట్ చేయించారు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె. రాత్రిపూట నాగావళిలో ఇసుక తోడి లారీలకు ఎత్తుతుంటే రోడ్డు మీద నిలబడి వీడియో తీశాను. ఒక ఉద్యోగి ఫోన్ లాక్కుని, ‘నువ్వు విలేకరివా? అక్రిడిటేషన్ కార్డుందా?’ అంటూ డిలీట్ చేయించాడు. అది తిరిగి వస్తుందా? కార్డు లేకుండా తీయడం తప్పా? – డిగ్రీ విద్యార్థి

ముందు వీడియో సంగతి చూద్దాం, ఇందులో ఆలస్యం అమృతం విషం. గూగుల్ ఫొటోస్‌లో ‘బిన్’ తెరవండి. బ్యాకప్ అయిన వీడియో అయితే 60 రోజులు, కాకపోతే 30 రోజులు అక్కడే ఉంటుంది. శాంసంగ్ గ్యాలరీ ట్రాష్‌లోనూ వెతకండి. బిన్ కూడా ఖాళీ చేయించి ఉంటే ఆశ తక్కువే. ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి (తాళం వేసినట్టు రహస్య సంకేతాల్లో) ఉంటుంది కాబట్టి ‘రికవరీ’ యాప్‌లకు డబ్బు కట్టకండి.

ఇక కార్డు మాట. అక్రిడిటేషన్ అనేది విలేకరులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు. బస్ పాస్ లాంటి సౌకర్యాలకు అది పనికొస్తుంది. మాట్లాడే హక్కు దాంతో వచ్చేది కాదు, రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణంతో వచ్చింది. అది ప్రతి పౌరుడిదీ. పత్రికలకంటూ వేరే అధికరణం లేదు, వాళ్లు నిలబడేదీ దీని మీదే. కేసుకు అవసరమైతే పోలీసులు ఫోన్‌ను జప్తు చేయవచ్చు, దానికి పద్ధతుంది. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదానూ జప్తునూ వీడియో తీయాలి. నడిరోడ్డు మీద మీ చేతే చెరిపించే అధికారం మాత్రం ఏ చట్టంలోనూ లేదు. అలాగని చీకట్లో ఒంటరిగా ఎదురుతిరగకండి, ప్రాణం కంటే వీడియో ఎక్కువ కాదు. ఇంటికొచ్చి తేదీ, టైమ్, చోటు, ఆయన అన్న మాటలు రాసిపెట్టుకుని, జిల్లా ఎస్పీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

ఇంకోసారి తీసినప్పుడు ఒరిజినల్ ఫైల్‌ని కంటికి రెప్పలా కాపాడుకోండి. చాలామంది తీసిన వెంటనే వాట్సాప్‌లో పంపి, ‘గ్రూపులో ఉందిలే’ అని ఫోన్‌లోది తీసేస్తారు. మొన్న వంశధార వంతెన మీద నేనే చేసి చూశాను. వెళ్తున్న ట్రాక్టర్‌ని నిమిషం పాటు తీస్తే ఫైల్ వంద ఎంబీ దాటింది. వాట్సాప్‌లో పంపాక పదో వంతుకు దిగిపోయింది. ఒరిజినల్‌లో నంబర్ ప్లేటు మీద స్పష్టంగా కనిపించిన 3, కాపీలో 8లా ఉంది. తీసిన సమయం, లొకేషన్ వివరాలూ పోయాయి. కేసు నిలబడేదీ వీగిపోయేదీ ఆ ఒక్క అంకె దగ్గరే. అందుకే పంపేటప్పుడు ‘డాక్యుమెంట్’గా పంపండి, 2 జీబీ వరకు ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది. ఆటో బ్యాకప్ ఆన్‌లో పెట్టండి. ఇంటికి రాగానే ఆ ఫైల్‌కి హ్యాష్ తీసి రాసుకోండి. హ్యాష్ అంటే ఫైల్ వేలిముద్ర, ఒక్క ఫ్రేమ్ మారినా అదీ మారిపోతుంది. కొత్త సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద కోర్టుకు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఈ హ్యాష్ విలువ రాయాలి.

మరో మాట. వీడియో పెట్టి, కింద ‘ఇవి ఫలానా నాయకుడి లారీలు’ అని రాయకండి. క్రిమినల్ పరువునష్టం కేసులో (ఐపీసీ స్థానంలో వచ్చిన న్యాయ సంహిత, 356వ సెక్షన్) నిజం చెప్పానంటే సరిపోదు, అది ప్రజల మేలు కోసమని కూడా చూపించాలి. శిక్ష రెండేళ్ల వరకు ఉంటుంది. కనిపించింది రాయండి, ఊహించింది వద్దు.

ప్రశ్న: మా పాప చదివే బడిలో మధ్యాహ్న భోజనంలో పురుగులు వచ్చాయి. పిల్లలు పళ్లాలు చూపిస్తున్న ఫొటో పెడితే ఇబ్బందా? – ఒక తల్లి, విజయనగరం

మీ కోపం న్యాయమైనదే అమ్మా. కానీ పళ్లెం, అందులో పురుగు కనిపిస్తే చాలు, పిల్లల ముఖాలు అక్కర్లేదు. నేరంలో బాధితులుగానో సాక్షులుగానో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెడితే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. అంత దూరం వెళ్లకపోయినా, రేపు బడిలో ఆ పసివాళ్లకే టెన్షన్. ఫొటో ఎడిటర్‌లో హైలైటర్‌తో గీస్తే ముఖం దాగదు, వెలుతురు పెంచితే మళ్లీ కనబడుతుంది. క్రాప్ చేసేయండి, లేదా సిగ్నల్ యాప్‌లోని బ్లర్ వాడండి. అసలు ఫొటో మాత్రం ఎంఈఓకి ఫిర్యాదుతో పాటు ఇవ్వండి.

ప్రశ్న: తుఫాను వస్తుందంటే చాలు, మా గ్రూపు పాత వీడియోలతో నిండిపోతుంది. అడ్మిన్‌గా నా మీద కేసు పెడతారా? – పలాస

2018 అక్టోబరులో తిత్లీ మీ వైపే తీరం దాటింది కదా, ఆ భయం మీకు నేను చెప్పాలా? కేవలం అడ్మిన్ అయినందుకు వేరొకరి పోస్టుకు బాధ్యత రాదని బాంబే, కేరళ హైకోర్టులు చెప్పాయి. మీరే ఫార్వర్డ్ చేస్తే మాత్రం బాధ్యత మీదే. అనుమానం వస్తే వీడియోలో ఒక స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి, పాతదైతే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. అడ్మిన్‌కి ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ ఉంది, మెసేజ్‌ని నొక్కిపట్టి తీసేయండి.