వెలుగు చూసి తొందరపడకు

అమ్మా స్రవంతీ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. నీ ప్రోబ్ (కాన్సర్ కణాలను పట్టుకుని వెలగడానికి నువ్వు చేసిన రంగు అణువు) వేసిన హీలా కణాలు, అంటే ల్యాబ్‌లో పెంచే గర్భాశయ ముఖద్వార కాన్సర్ కణాలు, ఆకుపచ్చగా భలే వెలుగుతున్నాయి. నీ సంతోషం నాకు తెలుసు. కానీ పేపర్ రాయడం మాత్రం అప్పుడే మొదలుపెట్టకు.

కణాల్లో సహజంగా ఉండే ఫ్లేవిన్లు అనే పదార్థాలు ఏ ప్రోబూ లేకుండానే ఆకుపచ్చ వెలుగు ఇస్తాయి. మీడియంలో, అంటే కణాలను పెంచే ద్రవంలో, ఉండే ఫినాల్ రెడ్ అనే రంగు బ్యాక్‌గ్రౌండ్ వెలుగును పెంచుతుంది. చచ్చిన కణాలు చాలా రంగులను అడ్డూ అదుపూ లేకుండా పీల్చుకుంటాయి. కాబట్టి ముందు ప్రోబ్ వేయని కణాలను అదే ఎక్స్‌పోజర్‌తో, అదే లేజర్ పవర్‌తో ఫొటో తీసి పక్కన పెట్టుకో.

నీ రంగు అణువుకు ఫోలిక్ యాసిడ్ తగిలించావు కదా. దాన్ని పట్టుకునే ఫోలేట్ రిసెప్టర్లు (కణం పైనుండే ప్రొటీన్లు) హీలాలో ఎక్కువ, ఏ549 అనే ఊపిరితిత్తుల కాన్సర్ కణాల్లో చాలా తక్కువ. ఆ రెండింటినీ ఒకే రోజు చూడు. తర్వాత హీలాకే ముందు మామూలు ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో ఇచ్చి, ఆపైన ప్రోబ్ వెయ్యి. వెలుగు బాగా తగ్గితే, ప్రోబ్ రిసెప్టర్‌నే పట్టుకుంటోందని నేను నమ్ముతాను. తగ్గకపోతే ఊరికే కణపొరకు అంటుకుంటోందేమో చూసుకోవాలి.

నేను ఏడాది పోగొట్టుకున్నది ఇక్కడే. ల్యాబ్‌లలో మామూలుగా వాడే ఆర్‌పీఎంఐ అనే మీడియంలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. మన ప్రోబ్ వెళ్లేసరికే అది రిసెప్టర్లను ఆక్రమిస్తుంది. ఆ సంగతి పట్టించుకోక, సిగ్నల్ రాలేదని అణువును మూడుసార్లు మార్చి తయారుచేశాను. లోపం అణువులో లేదు.

కేబీ అనే మరో రకం కణాలనూ ప్రయోగంలో కలపాలనుకుంటే జాగ్రత్త. పేరు వేరైనా అవీ హీలా సంతతే. రెండు కాన్సర్లలో పనిచేసిందని రాస్తే తప్పు. ప్రోబ్‌ను కరిగించే డీఎంఎస్‌ఓ ద్రావకాన్ని 0.5 శాతం దాటనివ్వకు.

ఆకుపచ్చ రంగు డిష్‌లో సరిపోతుంది, శరీరంలో సరిపోదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆ కాంతిని మింగేస్తుంది. 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య వెలిగే రంగుకు తర్వాత మారాలి. 2021లో అండాశయ కాన్సర్ సర్జరీలో వాడేందుకు అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిన పాఫోలాసియానిన్ అనే రంగు మందు చేసేది అదే. ఫోలేట్ దారి చూపిస్తుంది, దానికి తగిలించిన రంగు సమీప పరారుణ కాంతిలో వెలుగుతుంది. ఆ వెలుగును చూసి సర్జన్ ఇంకెక్కడ కోయాలో నిర్ణయించుకుంటారు. నీ కంట్రోల్స్, అంటే ఈ పోలిక ప్రయోగాల విషయంలో నేనింత పట్టుబట్టేది అందుకేనమ్మా.

ఫోలిక్ యాసిడ్ లేని మీడియం ఈ వారమే ఆర్డర్ పెట్టు. కొత్త ఫొటోలు పంపేటప్పుడు వెలగని కణాలవి కూడా పంపు, ముందు వాటినే చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు