పొడిగించిన ఎమర్జెన్సీ: పాఠకుల సందేహాలు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. విదేశాల నుంచి వచ్చే సైబర్ ముప్పు కారణంగా అక్కడి అధ్యక్షుడు జాతీయ అత్యవసర పరిస్థితిని మరో ఏడాది పొడిగించారని చదివినప్పటి నుంచి ఇంట్లో ఆందోళనగా ఉంది. రోజూ ఉదయం యూనివర్సిటీ మైదానంలో నాతోపాటు నడిచే మిత్రులు 1975 నాటి సంగతులు చెప్పి ఇంకా భయపెడుతున్నారు. అబ్బాయి ఉద్యోగానికి, వీసాకు, నెలనెలా పంపే డబ్బుకు ఇబ్బంది వస్తుందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

జవాబు: ఈ పొడిగింపుకు మీ అబ్బాయి ఉద్యోగంతో గానీ, వీసాతో గానీ, మీ ఖాతాలో పడే డబ్బుతో గానీ సంబంధం లేదు. ఎమర్జెన్సీ అన్న మాట వినగానే మన తరానికి అర్ధరాత్రి అరెస్టులు, సెన్సారు కత్తెర పడిన పత్రికలు గుర్తుకు రావడం సహజమే. కానీ 1975 జూన్ 25న మన దేశంలో ప్రకటించినది రాజ్యాంగంలోని 352వ అధికరణం కింద వచ్చినది. దానితో 21 నెలల పాటు పౌరుల ప్రాథమిక హక్కులే అటకెక్కాయి. అమెరికాలో ఇప్పుడు పొడిగించినది రెండు మామూలు చట్టాల మీద నిలబడినది. అధ్యక్షుడు అత్యవసర పరిస్థితిని ఎలా ప్రకటించాలో, ఎలా కొనసాగించాలో 1976 నాటి చట్టం చెబుతుంది. ప్రకటించిన తర్వాత విదేశీయుల ఆస్తులను స్తంభింపజేయడానికి, వారితో లావాదేవీలను నిషేధించడానికి 1977 నాటి అంతర్జాతీయ అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం వీలు కల్పిస్తుంది. ప్రకటన లేనిదే ఆ రెండో చట్టంలోని అధికారాలు చేతికి రావు కాబట్టి, ఆంక్షలు విధించదలచిన ప్రతి అధ్యక్షుడూ ముందు ఎమర్జెన్సీ అనక తప్పదు.

సైబర్ ముప్పుకు సంబంధించిన ప్రకటనను 2015 ఏప్రిల్ 1న ఒబామా 13694వ కార్యనిర్వాహక ఉత్తర్వుతో చేశారు. విదేశాల్లో కూర్చుని కీలక వ్యవస్థల కంప్యూటర్లను దెబ్బతీసేవారు, వ్యాపార రహస్యాలనో జనం ఆర్థిక వివరాలనో దొంగిలించి సొమ్ము చేసుకునేవారు దాని లక్ష్యం. 2016 డిసెంబరులో ఎన్నికల ప్రక్రియలో జోక్యాన్ని కూడా అందులో చేర్చి, రష్యా గూఢచార సంస్థలైన జీఆర్‌యూ, ఎఫ్ఎస్‌బీల పేర్లను ఆంక్షల జాబితాకెక్కించారు. వార్షిక తేదీకి ముందున్న 90 రోజుల్లో కొనసాగింపు నోటీసును కాంగ్రెసుకు పంపి గెజిట్‌లో ప్రచురించకపోతే ఎమర్జెన్సీ దానంతటదే ముగిసిపోతుంది, దాని కింద విధించిన ఆంక్షలకు ఆధారం పోతుంది. అందుకే ఒబామా మొదలుపెట్టినదాన్ని ట్రంప్, బైడెన్, మళ్లీ ట్రంప్ ఏటా పొడిగిస్తూ వచ్చారు. ఏ పార్టీ వారైనా ఈ నోటీసు విషయంలో తేడా రాలేదు. మీరు చదివినది ఆ నోటీసు గురించిన వార్తే తప్ప కొత్తగా ఏదో ఉపద్రవం వచ్చిందని కాదు.

ఇంత చెప్పాక నా అభ్యంతరం కూడా చెప్పాలి. పదేళ్లు దాటిన పరిస్థితిని అత్యవసరం అనడం భాషకే అన్యాయం. ఇరాన్ విషయంలో నాటి అధ్యక్షుడు కార్టర్ 1979 నవంబరు 14న చేసిన ప్రకటన ఈనాటికీ ఏటా కొనసాగుతూనే ఉందంటే, ఇది దుకాణం లైసెన్సు రెన్యువల్ వంటి తంతుగా మారిపోయిందని అర్థం. ఆరు నెలలకోసారి ఉభయ సభలు సమీక్షించాలని వారి చట్టంలోనే ఉన్నా దశాబ్దాల పాటు దాన్ని పట్టించుకున్నవారు లేరు. సభలు రద్దు తీర్మానం చేసినా అధ్యక్షుడు వీటో చేయవచ్చు. మెక్సికో సరిహద్దు గోడ కోసం ట్రంప్ ప్రకటించిన ఎమర్జెన్సీపై 2019 మార్చిలో సరిగ్గా అదే జరిగింది. ఈ ఒక్క విషయంలో మన ఏర్పాటే మేలు, అదీ చేతులు కాలాక వచ్చినదే అనుకోండి. 1978 నాటి 44వ సవరణ ప్రకారం ఎమర్జెన్సీ ప్రకటనకు నెలలోపల ఉభయ సభలూ ప్రత్యేక ఆధిక్యంతో ఆమోదం తెలపాలి, ఆపైన ప్రతి ఆరు నెలలకూ మళ్లీ ఓటు వేయాలి. మీ నడక మిత్రులకు ఈ సంగతి చెప్పండి.

ప్రశ్న: మాది మామిడి గుజ్జు ఎగుమతి చేసే ఫ్యాక్టరీ. ఐరోపాలోని కొనుగోలుదారు డాలర్లలో పంపిన సొమ్ము పదకొండు రోజులుగా దారిలోనే ఆగింది. బ్యాంకులో అడిగితే ‘ఆంక్షల పరిశీలన’ అంటున్నారు. గుజ్జు డ్రమ్ములకూ అమెరికా ఎమర్జెన్సీకీ ఏమిటి సంబంధం?
– అకౌంటెంట్, చిత్తూరు

జవాబు: గుజ్జుకు లేదు, డాలరుకు ఉంది. సరుకు చెన్నై రేవులో ఎక్కి ఐరోపాలో దిగినా, బిల్లు డాలర్లలో ఉంటే ఆ సొమ్ము చాలావరకు అమెరికాలోని ఏదో ఒక బ్యాంకు గుండానే మీకు చేరుతుంది. ఆంక్షలకు గురైనవారి జాబితాను అక్కడి ట్రెజరీ శాఖ కిందనున్న ఓఫ్యాక్ కార్యాలయం నిర్వహిస్తుంది. సైబర్ నేరగాళ్ల పేర్లే కాక ఇరాన్, ఉత్తర కొరియా వంటి ఇతర ఎమర్జెన్సీల కింద చేర్చిన పేర్లు కూడా అందులో ఉంటాయి. కొనుగోలుదారు పేరో, అతని బ్యాంకు పేరో, ఓడ పేరో ఆ జాబితాలోని పేరును పోలి ఉంటే చాలు, కంప్యూటర్ ఆపేస్తుంది. ఆ తర్వాత మనిషి చూసి వదలాలి. జాబితాలో ఉన్నవారికి సగం లేదా అంతకు మించి వాటా ఉన్న కంపెనీలకూ ఆంక్షలు వర్తిస్తాయి కాబట్టి యాజమాన్య వివరాలు అడగడం మామూలే.

ఊరికే ఎదురుచూడకండి. ఏ పేరు దగ్గర ఆగిందో రాతపూర్వకంగా తెలపమని మీ బ్యాంకును కోరండి. కాంట్రాక్టు, ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కినట్టు ఇచ్చే పత్రం), కొనుగోలుదారు కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రం ఒకేసారి ఇవ్వండి. వీటన్నిటిలో కొనుగోలుదారు పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉందో లేదో ముందు మీరే చూసుకోండి. ఇన్‌వాయిస్‌లో పొట్టి పేరు, కాంట్రాక్టులో పూర్తి పేరు ఉంటే అదే కొత్త అనుమానమవుతుంది. ఓఫ్యాక్ జాబితాలో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. వచ్చే తోతాపురి కోతలకు కొత్త ఒప్పందాలు రాసుకునేటప్పుడు సంతకానికి ముందే ఆ వెతుకులాట పూర్తిచేసి, తేదీతో సహా ప్రింటు తీసి ఫైల్‌లో పెట్టుకోండి.