రెఫరెన్సుల్లో మన ఇంటిపేర్లు

అమ్మాయీ,

ముత్తుకూరు నుంచి నువ్వు పంపిన వనామీ రొయ్యల పేపర్ చదివాను. విషయం గట్టిగా ఉంది. రెఫరెన్సులు, అదే నువ్వు ఆధారంగా చూపిన పేపర్ల వివరాలు మాత్రం తలోదారి పట్టాయి. ఒకదాంట్లో సంవత్సరం పేరు పక్కన, ఇంకోదాంట్లో చివర. "ఫార్మాటింగే కదా, ఆఖర్న చూసుకుందాం" అన్నావు ఫోన్లో. ఆఖర్న మిగిలేది టెన్షనే.

ముందు నువ్వు పేపర్ పంపబోయే జర్నల్ రచయితలకిచ్చిన సూచనలు తెరువు. వాంకోవర్ పద్ధతి అంటే వ్యాసంలో వచ్చిన వరుసలో రెఫరెన్సులకు నంబర్లు. హార్వర్డ్ అంటే పేరు, సంవత్సరం, జాబితా అక్షరక్రమంలో. మొదటిదాంట్లో ఒక్క పేరా జరిపినా నంబర్లన్నీ కదులుతాయి. అందుకే రెఫరెన్సులు సర్దిపెట్టే జొటేరో సాఫ్ట్‌వేర్ వాడమనేది, డబ్బు కట్టే పని లేదు. ఇంతవరకు మీ సీనియర్లూ చెప్తారు.

సాఫ్ట్‌వేర్ బోల్తాపడేది మన పేర్ల దగ్గర. చివరి మాటే ఇంటిపేరని దాని లెక్క. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది. ఒట్టి "రెడ్డి ఎస్" అని రాస్తే నెల్లూరులో ఏ రెడ్డిగారిని వెతకమంటావు? పైగా ఒకే మనిషిని ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట రెడ్డి కింద పెట్టావు. చదివేవాళ్లకు ఇద్దరు మనుషులైపోయారు.

యల్లాప్రగడ సుబ్బారావుగారినే చూడు. ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద ఫిస్క్‌తో కలిసి ఆయన రాసిన పేపర్ 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ 66వ వాల్యూమ్, 375–400 పేజీల్లో వచ్చింది. జాబితాల్లో ఆయన "సుబ్బారావు వై". ఇంటిపేరు ఒక్క అక్షరమైంది. ఇంగ్లీషు స్పెల్లింగూ ఇప్పటి రావుల్లా కాదు, చివర డబ్ల్యూ ఉంటుంది. మనవాడే కదా అని నువ్వు సరిదిద్దబోకు. పేపర్ మీద ఎలా అచ్చయిందో అలాగే ఉంచు, లేకపోతే వెతికితే దొరకదు. నీ పేరు మాత్రం నీ చేతిలోనే ఉంది. మొదటి పేపర్‌కే ఒక రూపం ఖాయం చేసుకుని, పరిశోధకులకిచ్చే గుర్తింపు నంబర్ ఆర్కిడ్ తీసుకో. రేపు పెళ్లయ్యాక ఎవరేమన్నా పేపర్ల మీద మాత్రం మార్చకు.

చిన్నవి రెండు. పీనియస్ వన్నమై అన్న శాస్త్రీయ నామానికి శీర్షికల్లో ఇటాలిక్స్ ఎగిరిపోయాయి, చేత్తో సరిచెయ్యి. ఆక్వాకల్చర్ రీసెర్చ్ పేరు కుదించావు, బాగుంది. ఒట్టి ఆక్వాకల్చర్‌నీ కుదించావు, అది కుదరదు. ఒక్క మాటే ఉన్న జర్నల్ పేరును, పేర్లు కుదించే ప్రమాణమైన ఐఎస్‌ఓ 4 ప్రకారం పూర్తిగానే రాయాలి.

నాకు కోపం తెప్పించింది నీ 14వ రెఫరెన్స్. డీఓఐ, అంటే పేపర్‌కుండే శాశ్వత లింకు, నొక్కితే ఇంకెవరిదో పేపర్ తెరుచుకుంది. వేరేవాళ్ల జాబితా నుంచి ఎత్తావని తెలిసిపోతోందమ్మా. అసలు పేపర్ సంపాదించి చదువు, దొరక్కపోతే ఆ వాక్యంతో సహా తీసెయ్. మీ గైడ్‌గారికి పంపేముందు మిగతా డీఓఐలూ ఒక్కొక్కటే నొక్కి చూడు.

ఆశీస్సులతో,
ఒంగోలు నుంచి మీ మాస్టారు