టెక్ సందేహాలు: చార్మినార్ గురించి చదివితే గ్రామర్ వస్తుందా?

ఫోన్ వేడెక్కుతోంది, వాట్సాప్ బ్యాకప్ కావడం లేదు లాంటి ప్రశ్నలు ఈ వారం పక్కన పెట్టాను. ఇంగ్లిష్ గ్రామర్ ఎలా నేర్చుకోవాలి, దానికి ఏ యాప్ మంచిది అని అడుగుతూ వచ్చిన ఉత్తరాలు గుట్టగా పేరుకున్నాయి. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం. ఏడు నెలలుగా ఒక గ్రామర్ యాప్ వాడుతున్నాను. రోజూ స్కోరు బాగానే వస్తోంది. సొంతంగా నాలుగు వాక్యాలు రాయబోతే మాత్రం ‘ఎ’ ఎక్కడ పెట్టాలో, ‘ద’ ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. ఇంతకన్నా మంచి యాప్ ఉందా? – మహబూబ్‌నగర్

యాప్ మార్చినంత మాత్రాన ఇది తీరదు తమ్ముడూ. ఆ యాప్ మీకు ఒక్కో వాక్యాన్ని విడిగా చూపిస్తోంది. ‘ఎ’, ‘ద’ల సంగతి ఒక్క వాక్యంలో తేలదు, దానికి ముందు వాక్యం కావాలి. అందుకే ఒక చిన్న పేరా తీసుకోండి, అదీ మీకు బాగా తెలిసిన విషయం మీద. చార్మినార్ అనుకుందాం:

“ద చార్మినార్ వాజ్ బిల్ట్ ఇన్ 1591. ఇట్ హ్యాజ్ ఫోర్ మినరెట్స్. దేర్ ఈజ్ ఎ మాస్క్ ఆన్ ద టాప్ ఫ్లోర్. ద మాస్క్ ఫేసెస్ వెస్ట్.”

మసీదు మాట మొదటిసారి వచ్చినప్పుడు ‘ఎ మాస్క్’ అన్నారు, రెండోసారి ‘ద మాస్క్’ అన్నారు. ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. చిన్నప్పుడు అమ్మమ్మ కథ ఎలా మొదలుపెట్టేది? “అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు.” మొదట ‘ఒక’, తర్వాత ‘ఆ’. మనం ప్రతిసారీ వాడకపోయినా పరవాలేదు, ఇంగ్లిష్ వాళ్లు మాత్రం తప్పనిసరిగా వాడతారు. అంతే తేడా. ‘ద’ వాడే సందర్భాలు ఇంకా చాలా ఉన్నాయి, అయినా ముందు ఈ ఒక్కటి పట్టుకుంటే సగం తప్పులు పోతాయి.

ఇదే పేరాలో ఇంకో రెండు ఉన్నాయి. “చార్మినార్‌ను 1591లో కట్టారు” అని మనం హాయిగా అంటాం, ఎవరు కట్టారో చెప్పం. ఇంగ్లిష్‌లో ‘వాజ్ బిల్ట్’ అనేది సరిగ్గా ఈ ‘కట్టారు’కే. బడిలో మనకు దాన్ని ‘కట్టబడింది’ అని నేర్పారు. ఆ మాట ఇంట్లో ఎవరూ వాడరు కాబట్టి ప్యాసివ్ వాయిస్ అంటే ఏదో పరాయి వస్తువనే భయం మిగిలిపోయింది. ఇక ‘ఇట్ హ్యాజ్ ఫోర్ మినరెట్స్’ చూడండి. మన పిల్లలు ఇక్కడే ‘ఈజ్ హావింగ్’ అని రాస్తారు. నాలుగు మినార్లు ఎప్పుడూ ఉండేవే, ఇప్పుడు జరుగుతున్న పని కాదు. కాబట్టి ‘హ్యాజ్’.

విషయం ముందే తెలిసి ఉండడం వల్ల కలిగే లాభం ఇదే. చార్మినార్ అంటే ఏమిటో ఊహించుకునే శ్రమ లేదు, కాబట్టి కన్ను నేరుగా వాక్యం కట్టిన తీరు మీదకు వెళ్తుంది. కొత్త విషయం, కొత్త మాటలు, కొత్త వ్యాకరణం మూడూ ఒకేసారి మీద పడితే ఎవరికైనా బుర్ర మూసుకుపోతుంది.

ఇలాంటి పేరాలకు సింపుల్ ఇంగ్లిష్ వికీపీడియా మంచి చోటు. 2001 నుంచి ఉంది. మామూలు వికీపీడియా కన్నా చిన్న వాక్యాలతో, తేలిక మాటలతో రాస్తారు. మన ఊళ్లు, పండుగలు, కట్టడాల పేర్లతో వెతకండి. కొన్ని పేజీల్లో నాలుగు వాక్యాలే ఉంటాయి, మీకు అదే కావాలి.

ఇప్పుడు అసలు పని. మైక్రోసాఫ్ట్ ఖాతా ఉంటే వర్డ్‌ను బ్రౌజర్‌లో ఉచితంగా వాడుకోవచ్చు. పేరాను అందులో పేస్ట్ చేసి, ‘వ్యూ’ మెనూలో ‘ఇమ్మర్సివ్ రీడర్’ తెరవండి. పైన కుడివైపు ‘గ్రామర్ ఆప్షన్స్’ అనే గుర్తు ఉంటుంది. నౌన్లు, వెర్బులు, అడ్జెక్టివ్‌లు, అడ్వెర్బ్‌లు ఒక్కో రంగులో కనిపిస్తాయి. అన్నీ ఒకేసారి వేయకండి, పేజీ రంగవల్లిలా మారిపోయి ఏమీ అర్థం కాదు. ముందు వెర్బులు మాత్రమే వేయండి. తెలుగులో క్రియ వాక్యం చివరకు వస్తుంది, ఇంగ్లిష్‌లో కర్త పక్కనే వస్తుంది. పది పేరాలు ఇలా చూసేసరికి, పొడుగు వాక్యం ఎదురైనా మీ కన్ను ముందు క్రియను వెతకడం మొదలుపెడుతుంది. (ఎడ్జ్ బ్రౌజర్‌లో ఇదివరకు ఈ రంగుల సౌకర్యం ఉండేది. తీసేశారు. అక్కడ వెతికి సమయం పోగొట్టుకోవద్దు.)

రెండోది నేను మా ఇంట్లో పిల్లలతో చేయించేది. అదే పేరాకు నకలు తీసి, కంట్రోల్, హెచ్ కలిపి నొక్కండి. వెతకాల్సిన చోట ‘ద’ అనే ఇంగ్లిష్ మాటను ముందొక ఖాళీ, వెనకొక ఖాళీతో రాయండి. మార్చాల్సిన చోట ఖాళీ, గీత, ఖాళీ పెట్టండి. ‘ఎ’కి కూడా అలాగే చేయండి. ‘రీప్లేస్ ఆల్’ నొక్కగానే మీ సొంత ప్రశ్నపత్రం తయారు. వారం తర్వాత గీతలు కూడా లేకుండా, ఆ మాటలు పూర్తిగా ఎత్తేసి ఒక్క ఖాళీ మాత్రం ఉంచండి. ఎక్కడ ఏది ఉండాలో మీరే పోల్చుకోవాలి. మీరు అడిగినదానికి ఇంతకన్నా మంచి మందు నాకు తెలియదు.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఇంగ్లిష్ చదవమని ఫోన్ ఇస్తే పేజీ మొత్తాన్ని తెలుగులోకి మార్చేసి చదివేస్తున్నాడు. పైగా నెట్ ఉంటే ఆటల్లోకి వెళ్లిపోతాడు. ఏం చేయను సార్? – రాజమహేంద్రవరం

పిల్లాడి తప్పేమీ లేదమ్మా. ఇంగ్లిష్ పేజీ తెరవగానే “తెలుగులో చూస్తారా?” అని క్రోమ్ తనే అడుగుతుంది. సెట్టింగ్స్‌లో భాషల విభాగానికి వెళ్లి, అనువాదం చేస్తానని అడిగే ఆ సౌకర్యాన్ని ఆపేయండి.

నెట్ గొడవ లేకుండా చదవడానికి కివిక్స్ అనే ఉచిత యాప్ ఉంది. వికీపీడియా మొత్తాన్ని ఒక ఫైలుగా ఫోన్‌లోకి దించుకోవచ్చు, తర్వాత నెట్ అక్కర్లేదు. యాప్‌లోని జాబితాలో సింపుల్ ఇంగ్లిష్ వికీపీడియా కూడా ఉంటుంది. బొమ్మలు లేని కూర్పు ఎంచుకోండి, మామూలు ఫోన్లో కూడా పడుతుంది. వైఫై ఉన్న చోట ఒకసారి దించి, మొబైల్ డేటా ఆపేసి చేతికివ్వండి.

అర్థాలకు మాట మీద నొక్కి పట్టుకుని ఆ ఒక్క మాటకే చూడమనండి. తెలుగు అర్థం కావాలంటే ఆంధ్రభారతి సైట్ ఉంది, చాలా నిఘంటువుల్లో ఒకేసారి వెతికి పెడుతుంది. అందులో బ్రౌన్ నిఘంటువు పందొమ్మిదో శతాబ్దపుది కాబట్టి కొన్ని అర్థాలు పాతబడి ఉంటాయి. అలాంటివి కనబడితే కంగారు పడొద్దని చెప్పండి.

ఒక్క మాట అమ్మా. మొదటి పది రోజులు వాడి పక్కన మీరు కూర్చోండి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా సరే. కొండపల్లి బొమ్మల మీద పేజీ తీయించి, “తెల్లపొణికి కర్ర గురించి ఏం రాశారు?” అని అడగండి. విషయం మీకు తెలుసు, భాష వాడు చూస్తాడు. తప్పు చెబితే మీరు పట్టేస్తారు.

ప్రశ్న: కడప జిల్లా నుంచి వచ్చి కువైట్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. షిఫ్టుల వల్ల కూర్చుని చదివే తీరిక లేదు. బస్సులో వినడానికి ఏమైనా ఉందా? వింటే గ్రామర్ వస్తుందా?

వస్తుంది, ఒకే దాన్ని మళ్లీ మళ్లీ వింటేనే. రోజుకొక కొత్తది వింటే చెవికి హాయిగా ఉంటుంది కానీ ఏదీ నిలవదు.

ఈ పద్ధతి పాతదే. 1959లో వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో ‘స్పెషల్ ఇంగ్లిష్’ అని మొదలుపెట్టింది. సుమారు 1,500 మాటలతోనే, నెమ్మదిగా చదివి వార్తలు, సమాజ విశేషాలు చెప్పేవారు. బీబీసీ అయితే 1943 నుంచే ఇంగ్లిష్ పాఠాలు ప్రసారం చేస్తోంది. ఇప్పుడు మీకు పనికొచ్చేది బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్‌లోని ‘సిక్స్ మినిట్ ఇంగ్లిష్’. తిండి, ఇరుగుపొరుగు, ఉద్యోగాలు, మర్యాదల వంటి సామాజిక విషయాల మీద ఆరు నిమిషాల సంభాషణ, దాని పాఠం రాతలో కూడా ఇస్తారు. వెళ్లేటప్పుడు రాత చూడకుండా వినండి. తిరిగొచ్చేటప్పుడు రాత చూస్తూ వినండి. నాలుగు రోజులు అదే ఎపిసోడ్.

వినేటప్పుడు ఒక్క విషయం మీదే చెవి పెట్టండి. ఉదాహరణకు, జనం అలవాట్లు చెప్పేటప్పుడు క్రియ ఎలా ఉంది? “మా ఊళ్లో సంక్రాంతికి అరిసెలు చేస్తారు” అంటాం. పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే “చేస్తున్నారు” అంటాం. ఇంగ్లిష్‌లోనూ అంతే: మొదటిది ‘దే మేక్’, రెండోది ‘దే ఆర్ మేకింగ్’. తెలుగులో ఎప్పుడూ తప్పు చేయం, ఇంగ్లిష్‌కి రాగానే అన్నిటికీ ‘ఆర్ మేకింగ్’ అనేస్తాం. పేషెంట్ గురించి డాక్టరుకు చెప్పేటప్పుడు ఈ తేడాకు విలువ చాలా ఉంది. ‘హీ టేక్స్ ఇన్సులిన్’ అంటే రోజూ తీసుకునే అలవాటు, ‘హీ ఈజ్ టేకింగ్ ఇన్సులిన్’ అంటే ఈ మధ్య మొదలైన తాత్కాలిక చికిత్స అని వినేవాళ్లు అనుకోవచ్చు.

ఆడియో లేని వ్యాసాలకు ఆండ్రాయిడ్ క్రోమ్ మెనూలో ‘లిజన్ టు దిస్ పేజ్’ ఉంటుంది. వేగం కాస్త తగ్గించుకోండి. డ్యూటీ దిగి నిద్ర ఆపుకుంటూ మాత్రం చేయకండి తల్లీ. అలసిన చెవికి ఏదీ ఎక్కదు.

ప్రశ్న: బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మెయిల్స్ అన్నీ ఏఐ చాట్‌బాట్‌తో దిద్దించి పంపుతున్నాను. కానీ విదేశీ క్లయింట్ కాల్‌లో “మీ పండుగ ఎలా జరుపుకున్నారు?” అని అడిగితే మాట రాలేదు. దీన్ని వాడుతూనే నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు, మీరు అడిగే తీరు మారాలి. ఇప్పుడు మీరు “దీన్ని సరిచేయి” అంటున్నారు. అది చేసేస్తోంది, మీరు పంపేస్తున్నారు. మధ్యలో మీ మెదడుకు పని లేదు.

బతుకమ్మ మీద ఒక చిన్న వ్యాసం చదవండి. పక్కన పెట్టేసి, గుర్తున్నంతలో ఐదు వాక్యాలు సొంతంగా రాయండి. తొమ్మిది రోజులు, తంగేడు, గునుగు పూలు, వరుసలుగా పేర్చడం, చుట్టూ తిరుగుతూ పాడడం, నీళ్లలో వదలడం. తర్వాత చాట్‌బాట్‌కి తెలుగులోనే ఇలా చెప్పండి: “తప్పున్న వాక్యాలు ఏవో మాత్రం చెప్పు. సరిచేయొద్దు. నేను మళ్లీ రాసి పంపాక కారణం చెప్పు.” మీరు కుస్తీ పట్టి దిద్దుకున్న వాక్యమే కాల్‌లో నోటికి వస్తుంది.

ఒక హెచ్చరిక. ఆ మధ్య నేను సరిగ్గా ఉన్న వాక్యమే ఒక చాట్‌బాట్‌కి ఇచ్చి “తప్పా?” అని అడిగాను. తప్పేనంది, ఒక నియమం కూడా చెప్పింది. “నిజంగానా?” అని అడిగితే క్షమించమని, మొదటిదే ఒప్పంది. దానికి ఇచ్చిన కారణమూ అంతే నమ్మకంగా ఉంది! అందుకే అది చెప్పిన నియమాన్ని ఒకసారి బయట సరిచూసుకోండి. కేంబ్రిడ్జ్ డిక్షనరీ సైట్‌లో గ్రామర్ విభాగం ఉచితం, ఉదాహరణలు బోలెడు. ఇక క్లయింట్ పేర్లు, ప్రాజెక్టు వివరాలున్న మెయిల్స్ మీ కంపెనీ అనుమతి లేని చాట్‌బాట్‌లో పేస్ట్ చేయకండి. పండుగ గురించి రాసిన ఐదు వాక్యాలకైతే ఆ బెడద లేదు.

ప్రశ్న: చదివినవి మరిచిపోతున్నాను. కార్డులతో మళ్లీ మళ్లీ గుర్తుచేసే ఆంకీ యాప్ వాడమన్నారు. ఐఫోన్‌లో డబ్బులు అడుగుతోంది, నకిలీదా? – వరంగల్

నకిలీ కాదు. ఆంకీ కంప్యూటర్‌లో ఉచితం, ఆండ్రాయిడ్‌లో ఆంకీడ్రాయిడ్ ఉచితం, ఐఫోన్ యాప్‌కి మాత్రం ఒకసారి డబ్బు కట్టాలి. వద్దనుకుంటే ఆంకీవెబ్ సైట్‌ను సఫారీలో తెరిచి అక్కడే కార్డులు తిప్పుకోవచ్చు.

నియమాలను కార్డులుగా రాయకండి. మీరు చదివిన పేరాలోంచి వాక్యం ఎత్తి, ‘క్లోజ్’ రకం కార్డులో ఒక్క మాట దాచండి: “ద చార్మినార్ ____ బిల్ట్ ఇన్ 1591.” రోజుకు మూడు కార్డులు చాలు. ఆంకీ రేపు ఒకసారి, ఆ తర్వాత కొన్నాళ్లకు, ఇంకా కొన్నాళ్లకు అడుగుతూ పోతుంది. మరిచిపోయినవి త్వరగా వెనక్కి వస్తాయి. వేరేవాళ్లు తయారుచేసిన వేల కార్డుల కట్టలు దించుకోవద్దు. ఆ వాక్యాలు మీరు ఎక్కడా చదవలేదు కాబట్టి వారంలోనే విసుగొస్తుంది.