ముగ్గురు సత్యనారాయణలు, ఒకే మేనేజరు

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పంపిన సందేశం మీ పెద్దమ్మకు కూడా చదివి వినిపించాను. భీమవరం రొయ్యల మేత కంపెనీలో సర్వర్లు నీ చేతికి వచ్చాయని సంతోషించింది. కంపెనీ లోపలి వెబ్‌సైటు షేర్‌పాయింట్‌లో ఉన్న ఉద్యోగుల ప్రొఫైళ్లను, అందరి లాగిన్ ఖాతాలూ ఉండే యాక్టివ్ డైరెక్టరీతో సింక్ చేసే (రెండూ ఒకేలా ఉండేట్టు కలిపే) పని వచ్చే శుక్రవారం రాత్రికి పెట్టుకున్నానని రాశావు. "ఏ బటన్ నొక్కాలో చెప్పు చాలు" అన్నావు. బటన్ల సంగతి అరగంటలో తేలిపోతుంది. ఈ నాలుగు రోజులూ నువ్వు చేయాల్సింది కాగితం మీద.

ఒక్కో గడికి యజమాని ఎవరో ముందు రాసుకో. పేరు, హోదా, పై అధికారి, పనిచేసే ఊరు, ఫోను నంబరు మీ కంపెనీలో కనీసం మూడు చోట్ల ఉండి ఉంటాయి: సిబ్బంది విభాగం రికార్డుల్లో, డైరెక్టరీలో, షేర్‌పాయింట్ ప్రొఫైల్లో. మూడు చోట్లా దిద్దనిస్తే మూడు చోట్లా దిద్దుతారు, ఏది నిజమో ఎవరికీ తెలియదు. ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు ప్రధాన కాలువలోంచి పిల్ల కాలువకు, అక్కడి నుంచి చేలోకి వస్తాయి కానీ చేలోంచి ఎదురెక్కి ధవళేశ్వరం పోవు కదా. 2010 షేర్‌పాయింట్‌లో అలా ఎదురెక్కించే వీలు కూడా ఉండేది. లోపల ఫోర్‌ఫ్రంట్ ఐడెంటిటీ మేనేజర్ అనే సింక్ ప్రోగ్రాం పనిచేసేది, ప్రొఫైల్లో దిద్దినదాన్ని డైరెక్టరీలోకి రాయగలిగేది. 2016 వెర్షన్‌లో దాన్ని తీసేశారు. మీ షేర్‌పాయింట్ సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌లో ఉన్న యాక్టివ్ డైరెక్టరీ ఇంపోర్ట్ డైరెక్టరీ నుంచి ప్రొఫైల్లోకి ఒకవైపే నడుస్తుంది. కొందరు దాన్ని లోటంటారు. నాకు మాత్రం అది వచ్చాకే రాత్రి నిద్ర పట్టింది.

కాబట్టి డైరెక్టరీలో చెత్త ఉంటే ప్రొఫైల్లోకి చెత్తే వస్తుంది, అదీ చాలా వేగంగా. నా సొంత నిర్వాకం ఒకటి చెబుతాను, మీ ఆఫీసులో ఎవరికీ చెప్పకు.

నేను పనిచేసిన చోట సిబ్బంది విభాగం వాళ్లు ఎవరికి ఎవరు మేనేజరో ఎక్సెల్‌లో రాసి ఇచ్చారు. అందులో ఉద్యోగి సంఖ్యలు ఉన్నాయి కానీ ముందున్న సున్నాలు ఎగిరిపోయాయి. 00417 కాస్తా 417 అయింది, డైరెక్టరీలోని సంఖ్యతో కలవడం లేదు. నాకు తొందర. సంఖ్యను పక్కనపెట్టి, పేరును బట్టి వెతికి డైరెక్టరీలో మేనేజరును రాసే పవర్‌షెల్ (విండోస్ కమాండ్ల భాష) స్క్రిప్టు ఒకటి తయారుచేశాను. మనది అన్నవరం స్వామి చల్లగా చూసే ప్రాంతం కదమ్మా, ఒకే ఇనీషియల్స్‌తో మాకు ముగ్గురు సత్యనారాయణలు: తణుకులో అకౌంటెంటు, రాజోలులో డ్రైవర్ల సూపర్‌వైజరు, కాకినాడలో గోడౌన్ కీపరు. స్క్రిప్టు ఒక్కో వరుసకూ ముగ్గురినీ పట్టుకుంది, ముగ్గురికీ రాసింది. చివరి వరుసలో ఉన్న మేనేజరు ముగ్గురికీ మిగిలాడు. తెల్లారేసరికి రాజోలు సూపర్‌వైజరు సెలవు చీటీ కాకినాడ గోడౌన్ మేనేజరుకు వెళ్లింది. ఆయన మర్యాదస్తుడు. "ఈ అబ్బాయి ఎవరో నాకు తెలియదు, అయినా చెల్లెలి పెళ్లి అంటున్నాడు కాబట్టి మంజూరు చేశాను" అని నాకు జవాబు రాశాడు.

అప్పటి నుంచి నేను ఉద్యోగి సంఖ్యను తప్ప దేన్నీ నమ్మలేదు. డైరెక్టరీలో ఎంప్లాయీ ఐడీ అని ఒక గడి ఉంది, చాలాచోట్ల ఖాళీగా పడి ఉంటుంది. ముందు దాన్ని నింపించు. ఎక్సెల్‌లో ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చాకే సంఖ్యలు ఎక్కించమని చెప్పు. స్క్రిప్టుకు ఒక సంఖ్య మీద సరిగ్గా ఒక్కరు దొరికితేనే రాయాలి. సున్నా మంది దొరికినా ఇద్దరు దొరికినా ఆగి, ఆ సంఖ్యను విడిగా ఒక ఫైల్లో పెట్టాలి. ఆ ఫైలును నువ్వే కూర్చుని చూసుకో.

పేర్లలో మనకే ఉన్న చిక్కు ఇంకొకటుంది. పొడి అక్షరాలు ముందు, అసలు పేరు వెనక. ఎవరో తొందరలో ఖాతా తెరిచేటప్పుడు "కె.వి.వి." అన్నది మొదటి పేరు గడిలో, "సత్యనారాయణ" అన్నది ఇంటిపేరు గడిలో వేసేస్తారు. అయినా దొరుకుతాడు, ఎందుకంటే షేర్‌పాయింట్‌లో మనుషులను వెతికే పెట్టె, పీపుల్ పికర్, డిస్‌ప్లే పేరుతో (తెర మీద కనిపించే పేరుతో) పాటు మొదటి పేరు, ఇంటిపేరు, లాగిన్ గడుల్లో కూడా మొదటి అక్షరాల నుంచి వెతుకుతుంది. మొత్తం పేరును డిస్‌ప్లే గడిలో వేసి మిగతావి ఖాళీగా వదిలేస్తేనే ముప్పు. అప్పుడు "సత్య" అని కొడితే ఎవరూ రారు, "కె" అని కొడితే సగం ఆఫీసు వస్తుంది.

ఊరి గడి సంగతి ఇంతకంటే బరువైనది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. అమలాపురం తూర్పు గోదావరి నుంచి విడిపోయి కోనసీమ జిల్లా కేంద్రమైంది, మీ భీమవరం పశ్చిమ గోదావరికి కేంద్రమైంది. సిబ్బంది విభాగం వాళ్లు తమ రికార్డుల్లో వెంటనే మార్చుకున్నారు. డైరెక్టరీలో మార్చాల్సింది నేను, జులైలో చూద్దాంలే అనుకున్నాను. జులైలో వరద వచ్చింది, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక. "లంకల వైపు బండ్లు తీయవద్దు" అన్న ప్రకటనను కోనసీమ సిబ్బందికి మాత్రమే కనిపించేలా ఆడియెన్స్ నియమం (ప్రొఫైల్ గడిని బట్టి ఎవరికి చూపాలో తేల్చే నియమం) పెట్టి వదిలాం. పి.గన్నవరం వైపు తిరిగేవాళ్లలో ఎక్కువమంది ప్రొఫైల్లో ఇంకా తూర్పు గోదావరే ఉంది. వాళ్లకు ఆ ప్రకటన కనిపించనే లేదు. ఆ సాయంత్రమంతా నలుగురం కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్లు చేశాం. జిల్లా పేరును ఎవరికి తోచినట్టు వాళ్లు టైపు చేయకుండా, ఎంచుకునే జాబితాగా పెట్టించు. రాజమండ్రి, రాజమహేంద్రవరం, రాజమహేంద్రి అని ఒకే ఊరికి మూడు ఊళ్లు తయారయ్యాయి మా దగ్గర. ఆడియెన్స్‌ను మళ్లీ కంపైల్ చేస్తే (అందులో ఎవరెవరున్నారో మళ్లీ లెక్కగట్టిస్తే) తప్ప కొత్త ఊరు అందులోకి రాదని కూడా గుర్తుంచుకో.

ఇక బటన్లు. సింక్‌కు వేరే ఖాతా పెట్టు, నీ సొంత ఖాతా వద్దు. దానికి డొమైన్ (మీ కంపెనీ ఖాతాలన్నీ ఉండే డైరెక్టరీ పరిధి) మీద "రెప్లికేటింగ్ డైరెక్టరీ ఛేంజెస్" అనుమతి ఇవ్వాలి. పేరు చూసి మీ సెక్యూరిటీ ఆయన భయపడతాడు. ఆ అనుమతితో మార్పులను చదవడమే తప్ప డైరెక్టరీలో ఏమీ మార్చలేరని చెప్పు. మీ డొమైన్ పొడుగు పేరులో మొదటి ముక్క, దానికే నెట్‌బయాస్ అనే పాత పద్ధతిలో ఉండే పొట్టి పేరు ఒకటేనా అన్నది ఈ రోజే చూడు. వేరువేరైతే కనెక్షన్ తయారు చేయకముందే ప్రొఫైళ్లను నడిపే సర్వీస్ అప్లికేషన్‌లో నెట్‌బయాస్ పేర్ల అమరికను ఆన్ చేయాలి, డైరెక్టరీలోని కాన్ఫిగరేషన్ విభాగం మీద కూడా అదే అనుమతి ఇవ్వాలి. తర్వాత దిద్దడం కంటే మళ్లీ మొదలుపెట్టడమే సులువు. నిలిపేసిన ఖాతాలను వదిలేయమనే పెట్టెలో టిక్కు పెట్టు. డైరెక్టరీలోని ఏ గడి ప్రొఫైల్లో ఏ గడిలోకి రావాలో చెప్పే మ్యాపింగ్ ఏది మార్చినా, ఒకసారి అంతా మళ్లీ తెచ్చే ఫుల్ ఇంపోర్ట్ నడపాలి, మారినవే తెచ్చే ఇంక్రిమెంటల్ చాలదు.

ఉద్యోగం మానేసినవాళ్ల ప్రొఫైళ్లు వాటంతట అవే పోతాయనుకోకు. ఈ పద్ధతిలో పరిధి దాటి బయటికి వెళ్లినవాళ్ల ప్రొఫైళ్లు అలాగే ఉండిపోతాయి. వాటిని చూపించే పవర్‌షెల్ మాట "గెట్ నాన్ ఇంపోర్టెడ్ ఆబ్జెక్ట్స్", తీసేసేది "పర్జ్ నాన్ ఇంపోర్టెడ్ ఆబ్జెక్ట్స్". ముందు గెట్ నడిపి జాబితాను ప్రింటు తీసి, సిబ్బంది విభాగం సంతకం పెట్టాకే పర్జ్ నడుపు. ఏ విభాగాల నుంచి తేవాలో ఎంచుకునే చెట్టులో ఒక కొమ్మకు టిక్కు పెట్టడం మరిచిపోతే ఒక బ్రాంచి మొత్తం ఆ జాబితాలో కనిపిస్తుంది. అందుకే ప్రింటు.

శనివారం పొద్దున "నా హోదా మారలేదు" అని ఒకళ్లిద్దరు అంటారు, కంగారు పడకు. షేర్‌పాయింట్‌లో ప్రతి సైట్ కలెక్షన్‌లోనూ (సైట్ల గుంపులోనూ) వాడకందారుల జాబితా ఒకటి విడిగా దాక్కుని ఉంటుంది. ప్రొఫైల్లో మారినది అక్కడికి చేరడానికి వేరే టైమర్ పని (వేళకు తనంతట తానే నడిచే పని) ఉంది. శివారు చేలకు నీళ్లు ఆలస్యంగా అందినట్టే. ముందు ఆ వ్యక్తి ప్రొఫైల్ పేజీ తెరిచి చూడు. అక్కడ సరిగ్గా ఉంటే ఇంపోర్ట్ మంచిదే, టైమర్ పని సంగతి చూడాలి. అక్కడే తప్పుంటే డైరెక్టరీకి వెళ్లు.

ఫొటోలు ఈ ఇంపోర్ట్‌తో రావు. ఎవరికి వాళ్లు పెట్టుకుంటారు, వదిలెయ్. ఆడపిల్లల సొంత సెల్ నంబర్లు మాత్రం అందరికీ కనిపించేలా పెట్టవద్దు. పైవాళ్లు అడిగినా కాగితం మీద రాసిమ్మను.

శుక్రవారానికి ముందు పదకొండు మందితో ఒక పరీక్ష జాబితా రాసి నాకు పంపు. అందులో ఒకే పేరువాళ్లు ఇద్దరు ఉండాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన అమ్మాయి ఒకరు, బ్రాంచి మారినవాళ్లు ఒకరు, మానేసినవాళ్లు ఒకరు, మేనేజరు లేని పెద్దాయన ఒకరు ఉండాలి. మిగతావాళ్లు నీ ఇష్టం. శనివారం పది దాకా కొబ్బరి దింపులో ఉంటాను, ఫోను ఇంట్లో వదిలి వెళతాను. పది దాటాక చెయ్యి.

మీ పెదనాన్న