జిన్ మావో కిటికీలు లెక్కపెట్టకు

బుజ్జీ,

షాంఘై వెళ్ళి అక్కడి మేడల్ని చైనా సిరాతో వేస్తావటగా, మీ నాన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. గర్వంగానే ఉంది కానీ నిద్ర మాత్రం పట్టలేదు.

సీసా సిరా వద్దు, కడ్డీ కొనుక్కుని గంధం తీసినట్టు నిదానంగా అరగదీసుకో. కాగితం షువాన్‌దే తీసుకో, సిరా బొమ్మలకి వాడే చైనా కాగితం అది. ఇవి ఎవరైనా చెప్తారులే.

మీ మావయ్య ఉద్యోగం వల్ల అక్కడ మూడేళ్ళు ఉన్నామా, మొదటి ఏడాదే నా కన్ను పూడోంగ్‌లోని జిన్ మావో టవర్ మీద పడింది. 88 అంతస్తులు, పైకి పోయేకొద్దీ పాత పగోడాలా మెట్లు మెట్లుగా సన్నబడుతుంది. ప్రతి కిటికీ వేసి తీరాలని మొండికేశాను. స్కేలు పెట్టి భవనాలు గీసే జియేహువా పద్ధతి సోంగ్ రాజుల కాలం నుంచీ ఉన్నదే కదా అని ధీమా. అది పట్టు మీదో, పటిక నీళ్ళు పట్టించిన కాగితం మీదో గీస్తారు. నా దగ్గరున్నది పటిక తగలని పచ్చి షువాన్. గీత చివర కుంచె ఒక్క క్షణం ఆగిందా, సిరా పాకి చుక్కయి కూర్చునేది. పదిహేను రోజులు వేళకి అన్నం తినకుండా, మెడ పట్టేసి, కళ్ళు లాగేసి గీస్తే చివరికొచ్చింది టవర్ కాదు, పేలు పట్టిన దువ్వెన.

ఏడుపు మొహంతో అక్కడ నాకు బొమ్మలు నేర్పే మాస్టారికి చూపిస్తే ఆయనేమీ అనకుండా కాగితం తిరగేశారు. వెనక్కి ఇంకిన సిరాలో కిటికీలన్నీ కలిసిపోయి, పొద్దున్నే మంచులో హువాంగ్‌పూ నది ఇవతల నుంచి చూస్తే జిన్ మావో ఎలా కనిపిస్తుందో అచ్చం అలాగే ఉంది. కోపమొచ్చింది, నిజం చెప్తున్నా.

చైనా చిత్రకారుడు వూ గ్వాన్‌జోంగ్ వేసిన, యాంగ్‌ట్సీ నదికి దక్షిణాన ఉన్న జియాంగ్‌నాన్ ఇళ్ళు చూడు, గోడంటే వట్టి కాగితం, కప్పంటే నాలుగు నల్ల గీతలు. 632 మీటర్ల షాంఘై టవర్‌నైనా అంచులు వేసి మధ్యలో ఖాళీగా వదిలెయ్యి. నువ్వు వదలవు, నాకు తెలుసు. చిన్నప్పుడు ముగ్గులో కూడా కాస్త చోటు మిగలనిచ్చేదానివి కాదు!

జూన్‌లో వెళ్ళకు తల్లీ, ముసురు పట్టి కాగితం చెమ్మెక్కుతుంది, సిరా నీ మాట వినదు. అక్టోబర్‌లో వెళ్ళు. బొమ్మ ఎలా వచ్చిందో చూసుకుంటూ రోడ్డు మీద వెనక్కి వెనక్కి నడవకు, ఆ ఎలక్ట్రిక్ స్కూటర్లు చప్పుడు లేకుండా మీదకొచ్చేస్తాయి.

ఆ బొమ్మ ఇంకా నా బీరువాలోనే ఉంది. వెళ్ళేలోపు ఒకసారి రా, పులిహోర చేస్తా, రెండు వైపులా చూద్దువుగాని.

అత్తయ్య